పిట్ట ముట్టని కేకు

ఆదివారం మిల్లు బందు. కూత వినపడకుండానే తెల్లవారింది. ఆదిలాబాదు ఊరి చివర, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు వెనక లైనిళ్లలో అందరూ నింపాదిగా లేచారు. దశరథం మాత్రం చుక్క ఉండగానే లేచి, వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, అడుగు మందంగా ఉన్న గంజులో ఇసుక పోసి, కింద కట్టెలు ఎగదోశాడు. ఆ పొద్దు ఆయనకు పని ఒక్కటే. మనవరాలికి కేకు చెయ్యాలి. పొద్దు గూకేలోగా పిల్ల చేత కోయించాలి.

దశరథం మిల్లు మేనేజరు బంగ్లాలో వంటవాడు. పదకొండేళ్లలో దొర పిల్లలిద్దరి పుట్టినరోజులకు ఇరవై రెండు కేకులు చేశాడు. దంచి, గుడ్డలో జల్లించిన చక్కెరను తెల్లసొనలో వేసి చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టేవాడు. కాగితం పొట్లంలో అది నింపి, కొన కత్తిరించి, గులాబీలు పిండేవాడు, తీగెలు పాకించేవాడు. నడుమ దొరసాని ఇంగ్లీషులో రాసిచ్చిన పేరును చూసి గీసేవాడు. పోయిన ఏడు వంటింటి కిటికీ పట్టుకుని వేలాడుతూ మనవరాలు పెంటవ్వ అదంతా చూసింది. పేరు మీద కత్తి దిగడం, అందరూ చప్పట్లు కొట్టడం. ఇంటికొచ్చాక తాత గడ్డం పట్టుకుని, "తాతా, నాకు గట్ల పేరు రాయవా?" అని అడిగింది. ఆ మాట ఏడాదిగా ఆయన గొంతులో చేపముల్లులాగా ఉండిపోయింది.

పెంటవ్వ ఆ ఇంట్లో మూడో పిల్ల. ముందు పుట్టిన ఇద్దరూ నడక రాకముందే పోయారు. అందుకని ఈమె పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి ఐలవ్వ వచ్చి, ఎవరో పారేసిన పిల్ల అని ఎత్తుకుంది. తల్లి బాలవ్వ చేటెడు తౌడు ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. పేరు కూడా ఆ కుప్పదే పెట్టారు. ఎవరికీ అక్కరలేని పిల్ల అనుకుంటే, తీసుకుపోవడానికి వచ్చేది ముక్కు మూసుకుని వెనక్కి మళ్లుతుందని. శివరాత్రి అయిన మూడోనాడు, అంటే ఆ రోజే, పిల్లకు ఐదు నిండుతున్నాయి. ఐదు నిండితే గండం దాటినట్టే.

ముందు బిస్కెట్లు కాల్చాడు. పిండిని పిచ్చుకల లాగా కోసి, మిరియపు గింజలు కళ్లుగా గుచ్చి ఇసుక మీద పళ్లెంలో పెట్టాడు. కేకు పిండి కలిపే ధ్యాసలో వాటిని మరిచాడు. మూత తీసేసరికి అన్నీ బొగ్గుల్లాగా నల్లబడి ఉన్నాయి.

"తాతా, కాకులు!" అని పెంటవ్వ ఎగిరింది.

"పిట్టలే బిడ్డా. జర మాడినయ్."

"కాదు. కాకులే." పిల్ల ఒకదాన్ని తీసుకుని లంగా మడతలో దాచుకుంది.

కేకు మాత్రం బాగా పొంగింది. తెల్లటి చక్కెర పూత పూశాడు. మోదుగపూలు నానేసిన నీళ్లతో కాషాయం రంగు గులాబీలు పిండాడు. అంచు చుట్టూ సగ్గుబియ్యం ముత్యాల్లాగా అంటించాడు. పైన ఐదు కొవ్వొత్తులు గుచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి తల వంచి చూసుకున్నాడు. దొర పిల్లలకు చేసిన ఇరవై రెండింటిలో ఏదీ దీనికి సాటి రాదనిపించింది.

భార్య చంద్రవ్వ నీళ్ల బిందె దించి కేకు వైపు చూసింది.

"గా వత్తులేందయ్యా?"

"ముట్టిస్తం. పిల్ల ఊదుతది."

"ఊది?"

"ఆర్పుతది."

"పండుగ పూట దీపం ఆర్పుతరా? అండ్ల పిల్ల నోటితోని?" చంద్రవ్వ గొంతు తగ్గించింది. "దొరల ఇండ్లల్ల దీపాలకు కరువా, ఎన్నన్న ఆర్పుకుంటరు. మన ఇంట్ల రెండు ఆరినయ్. సాలు."

దశరథం కొవ్వొత్తులు పీకేశాడు. ఐదు బెజ్జాలు పడ్డాయి. నాలుగింటి మీద గులాబీలు పిండాడు. ఐదో బెజ్జానికి పూత చాలలేదు. అది చిన్న కన్నులాగా పైకి చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత పొట్లం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నడుమ మొదటి అక్షరం గీశాడు. గడపలో కోడలు బాలవ్వ నిలబడి ఉందని అప్పుడు చూశాడు. ఆమె మామ ముందు పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"ఏం రాస్తున్నవ్ మామా?"

"నీ బిడ్డ పేరు."

"రాసి?"

"పిల్ల కోస్తది."

బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దాని పేరు మీద కత్తి వెడ్తవా మామా?"

ఇరవై రెండు కేకులు కోస్తుంటే చూసినా ఈ మాట దశరథానికి ఎప్పుడూ తట్టలేదు. తట్టాక చేతిలో పొట్లం బరువెక్కింది. చంద్రవ్వ ఊరుకోలేదు.

"అసలు గా పేరెందుకు వెట్టినం? ఎవ్వలి కండ్లల్ల వడద్దని. ఐదేండ్లు పెంటల దాసిపెట్టినం పిల్లను. నువ్వు చక్కెరతోని రాసి, సుట్టు పూలు వెట్టి, గిదిగో ఈడనే ఉన్నది తీస్కపోండ్రి అంటున్నవ్."

దశరథం రాసిన అక్షరాన్ని కత్తి మొనతో గీకేశాడు. కానీ పెంటవ్వ గడపలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పేరు లేకుంటె గది కేకు గాదు. రొట్టె," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అయితే ఎవరి పేరు రాయాలి? బండి తోలుకుని ఊళ్ల మీదికి పోయిన కొడుకు కైలాసం పేరంటే చంద్రవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. దొర పిల్లల పేరంటే, రేపు వాళ్లకు జలుబు చేసినా కొలువు పోతుందని దశరథమే వద్దన్నాడు. బతికి ఉన్నవాళ్ల పేరు ఏదీ కత్తి కిందికి పనికిరాదని తేలింది.

"సచ్చినోళ్ల పేరు రాయి," అంది చంద్రవ్వ. "వాళ్లను కత్తేం జేస్తది? మా సాంబడున్నడు గదా."

సాంబయ్య చంద్రవ్వ తమ్ముడు. పోలీస్ యాక్షన్ అయిన ఏడు బోథ్ దగ్గరి సొంతూళ్లో పటేల్ మేకను దొంగిలించాడని పట్టుకుంటే, తెల్లారేసరికి కనపడకుండా పోయాడు. పదమూడేళ్లలో ఒక కబురు లేదు, కాకరకాయ లేదు. వాగులో పడ్డాడని కొందరు, పులి తిన్నదని కొందరు అన్నారు. చంద్రవ్వ మూడేళ్లు చూసి, నాలుగో ఏటినుంచి పెత్రమాస అమావాస్యకు, చచ్చినవాళ్లకు ఇచ్చినట్టే తమ్ముడి పేర బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ పేరు వినగానే దశరథం కళ్లు కిందికి వాలాయి. అయినా రాశాడు. సాంబయ్య. ఒక్కొక్క అక్షరం మీద సగ్గుబియ్యం అద్దాడు. పదకొండేళ్లలో అంత నున్నగా ఏ పేరూ రాలేదు. చెయ్యి తనది కానట్టు దానంతట అదే నడిచింది.

లైనిళ్ల పిల్లలు పదిమంది వాకిట్లో వరుసగా కూర్చున్నారు. ఐలవ్వ చీర సర్దుకుంటూ వచ్చింది. ఆ ఇంట్లో ఆమెకు ముందునుంచీ ఒక పెద్దరికం ఉంది.

"నేను అమ్మిన పిల్ల ఏది? పావుసేరు తౌడు తక్కువిచ్చిండ్రప్పుడు, గది యాదికున్నదా?" అని నవ్వి, కేకు చూసి నోరు తెరిచింది. "గిదెవ్వలి పేరు తమ్మీ?"

చంద్రవ్వ చెప్పింది. ఐలవ్వ నవ్వు ఆగిపోయింది.

"సచ్చినోని పేరు వెట్టి తిండి సిద్ధం జేసిండ్రా? వానికి పిట్టకు వెట్టిండ్రా ఎన్నడన్న?"

శవమే దొరకని మనిషికి ఏ మూడోనాడు, ఏ ఐదోనాడు ముద్ద పెట్టి కాకిని పిలుస్తారు?

"మరి పిట్ట ముట్టకుంట పసిపిల్లల నోట్ల వెడ్తరా? అండ్ల ఐదు నిండే పిల్ల నోట్ల? వాడు పదమూడేండ్ల ఆకలితోని ఉంటడు. ముందుగాల ఎవ్వలు తింటె వాళ్లెంబడి వడ్తడు."

బాలవ్వ పరుగున వచ్చి బిడ్డను దగ్గరికి లాక్కుంది. దశరథం కేకును పీట మీద పెట్టి, వాకిలి నడుమకు మోసుకుపోయి దించాడు. అందరూ దూరం జరిగి పిట్ట కోసం కూర్చున్నారు.

మిల్లు వెనక కాకులకు ఏనాడూ కరువు లేదు. గిన్నె కడిగితే చాలు, గుంపుగా వాలేవి. ఆ రోజు మాత్రం ఆకాశంలో ఒక్కటి లేదు. అంగడి రోజు, మాంసం దుకాణాల దగ్గర ఉంటాయని దశరథం అన్నాడు. అంగడి పోయిన ఆదివారం కూడా ఉంది, అప్పుడు కాకులు ఇక్కడే ఉన్నాయని ఐలవ్వ అంది. మిల్లు ఆవరణలోంచి పత్తి పింజెలు లేచి, గాలి లేకుండానే తేలుతూ వచ్చి, కేకు మీదికి దిగకుండా చుట్టూ తిరుగుతున్నాయి.

"కావ్ కావ్!" అని దశరథం పిలిచాడు. వాకిట్లో పిల్లలంతా కలిసి పిలిచారు. దూరంగా ఒక కుక్క మాత్రం జవాబిచ్చింది.

"ఉత్త తీపి వెడ్తె వాడెందుకొస్తడు?" అంది చంద్రవ్వ. "వానికి ఎండుచాపలంటె పాణం." ఎండుచేప ముక్కలు తెచ్చి గులాబీల నడుమ పెట్టింది. తర్వాత ఇప్పసారా గుర్తొచ్చింది. చిన్న గ్లాసు వచ్చి కేకు పక్కన కూర్చుంది. తర్వాత బీడీ గుర్తొచ్చింది. దశరథం బీడీ ముట్టించి, ఎక్కడ పెట్టాలా అని చూసి, ఖాళీగా ఉన్న ఆ ఐదో బెజ్జంలో గుచ్చాడు. కాకులు కాకులను చూసి వస్తాయని ఐలవ్వ అంటే, మాడిన బిస్కెట్లన్నీ అంచు చుట్టూ నిలబెట్టాడు. మిరియపు కళ్లతో అవన్నీ పేరు వైపే చూస్తున్నాయి.

పొద్దున పిల్ల పుట్టినరోజు కోసం మొదలైన కేకు, మధ్యాహ్నం తిరిగేసరికి చూసినవాళ్లకు గుండె జారేటట్టు తయారైంది.

అందరూ చూస్తుండగా బీడీ కొన ఒక్కసారి ఎర్రబడింది. కాసేపు మసకబారింది. మళ్లీ ఎర్రబడింది, ఎవరో నింపాదిగా దమ్ము గుంజినట్టు. పిల్లల్లో ఇద్దరు లేచి ఇంటికి పోయారు. ఎండకు చక్కెర చెమర్చి, పేరు చివరి అక్షరం తోక సాగి, మెల్లగా పీట మీదికి కారింది.

"పిట్ట ముట్టకుంటె కోరిక మిగిలినట్టు," ఐలవ్వ గుసగుసలాడింది. "అడుగుండ్రి. ఎవ్వలి మనసుల ఏమున్నదో కక్కుండ్రి."

చంద్రవ్వ కేకుకు దండం పెట్టింది. "తమ్మీ, నీకు లగ్గం జెయ్యలేదని కోపమా? నీ గొంగడి అమ్ముకున్ననని కోపమా? గది చిరిగిపోయిందిరా, ఎవ్వలు కొనలే, ఉత్తగనే ఇచ్చిన."

కాకి రాలేదు.

పొద్దు మిల్లు గొట్టం వెనక్కి దిగింది. పెంటవ్వ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కేకు తప్ప ఏదీ వద్దని మొండికేసింది. ఇంకొంచెంసేపైతే రోజు దాటిపోతుంది. దశరథం పిల్ల మొహం చూశాడు, బీడీ వైపు చూశాడు, లేచి వచ్చి పీట ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బామ్మర్దీ," అన్నాడు. "పటేల్ మేక సంగతి."

చంద్రవ్వ తల తిప్పింది.

"దాన్ని కోసింది నేనే. వాగొడ్డున వండింది నేనే. కుందేలని జెప్పి నీకు వెట్టిన. నువ్వు మూతి తుడుసుకోకుంట ఊర్లెకొస్తివి, పట్టుకున్నరు. నేను మందిల నిలవడి సూసిన గని నోరు తెర్వలే. గది కుందేలు గాదు, సాంబయ్యా. కోపముంటె నా మీద వెట్టుకో. పిల్ల ఆకలి మీదున్నది."

"పదమూడేండ్ల సంది," చంద్రవ్వ మెల్లగా అంది, "నా తమ్ముణ్ణి నేనే దొంగ అనుకుంటున్న గదయ్యా."

మధ్యాహ్నం ముట్టించిన బీడీ అప్పటికిగాని చివరిదాకా కాలలేదు. బూడిద మాత్రం రాలకుండా అట్లాగే నిటారుగా నిలబడి ఉంది.

అప్పుడు పెంటవ్వ తల్లి చేతుల్లోంచి జారి, పీట దగ్గరికి నడిచింది. పొద్దున దాచుకున్న నల్ల బిస్కెట్టు లంగా మడతలోంచి తీసి, దాని ముక్కును కేకుకు ఆనించింది.

"బాపమ్మా! కాకి ముట్టింది!"

"అక్కా," అని తడిక అవతలినుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది. "ఆకలైతుంది."

తడిక తోసుకుని లోపలికి వచ్చిన ఆకారం తలనుంచి కాలిదాకా తెల్లగా ఉంది. జుట్టు తెలుపు, గడ్డం తెలుపు, కనుబొమలు తెలుపు. నడిచిన చోటల్లా తెల్లటి పింజెలు రాలుతున్నాయి. ఐలవ్వ చేతికందిన పిల్లను చంకన వేసుకుని ఇంట్లోకి ఉరికి గొళ్లెం పెట్టుకుంది. అది పెంటవ్వ కాదని లోపలికి పోయాకగాని చూసుకోలేదు. బాలవ్వ బిడ్డ కోసం చేతులు చాచింది. దశరథం మనవరాలిని వెనక్కి నెట్టి, కేకు కోసే కత్తి పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"నీకు వెట్టినం గదా బామ్మర్దీ. తిని పో. పిల్ల జోలికి రాకు."

"పోను," అంది ఆ ఆకారం. "నేను వచ్చింది పోనీకి గాదు."

"కాళ్లు సూడుండ్రి!" గొళ్లెం వెనకనుంచి ఐలవ్వ అరిచింది. "యేళ్లు ఎన్కకుంటయ్!"

కాళ్లకు గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. ఏ వేలు ఎటున్నదో కనపడలేదు. పెంటవ్వ తాత చెయ్యి కిందినుంచి దూరిపోయి, ఆ కాళ్ల దగ్గర కూర్చుని, పట్టా పక్కకు లాగి వంగి చూసింది.

"ముందటికే ఉన్నయ్ బాపమ్మా. గోర్లు గూడ తీసుకోలే."

"యాడ తీసుకుంట బిడ్డా," అన్నాడతను. "చాందా అడివిల కట్టెల డిపోల పదమూడేండ్లు. మీరు ఈ మిల్లు కాడున్నరని లారీవాళ్లు జెప్తె, నిన్న మాపటికి పెనుగంగ దాటి పత్తి లారీ మీదెక్కిన. దిగినప్పటిసంది కుక్కలు గూడ నన్ను జూసి ఉరుకుతున్నయ్." రెండు చేతులతో తల దులుపుకున్నాడు. పత్తి మబ్బులాగా లేచింది. దాని వెనకనుంచి సాంబయ్య మొహం బయటపడింది. బాగా ముసలిదైపోయింది గాని, అదే ముక్కు, అదే నవ్వు.

చంద్రవ్వ కూలబడి ఏడ్చింది. అతను పీట వైపు చూశాడు. తన పేరు, ఎండుచేప, సారా, బీడీ బూడిద. కళ్లు చెమర్చాయి.

"గిదంత నా కోసమేనా? నేనొస్తున్ననని మీకెవ్వలు జెప్పిండ్రే అక్కా?"

నీకు పిట్టకు పెట్టాం అనే మాట మింగి, చంద్రవ్వ కొంగుతో అతని మొహం మీది పత్తి తుడిచింది.

దశరథం కత్తి కింద పెట్టాడు. "తడిక కాడ ఎంతసేపు ఉన్నవ్?"

"మేక కాడ్నించి."

"మరి..."

"కుందేలుకు కొమ్ములుంటయా బావా? తుంగల తలకాయ దాసింది నేను సూడలేదనుకున్నవా? తినేటప్పుడే తెలుసు నాకు."

"తెలిస్తె ఎందుకు పోయినవ్ రా?"

"ఉంటె కొడ్తరు. కొడ్తె నోట్లకెల్లి నీ పేరు వడ్తది. నీ పేరు వడితె అక్క ఆగమైతది. అందుకే గా పేరు నోట్లనే వెట్టుకొని పోయిన." సాంబయ్య పెదాలు తడుపుకున్నాడు. "మేక మటుకు మంచిగ వండినవ్."

దశరథానికి ఏం చెయ్యాలో తోచక కత్తి తీసి పెంటవ్వ చేతికిచ్చాడు. "కొయ్యి బిడ్డా." పిల్ల కత్తి ఎత్తింది.

"ఆగు!" చంద్రవ్వ ఏడుపు మధ్యలోనే కేకేసింది. "బతికున్నోని పేరు గది!"

బాలవ్వ బిడ్డ చెయ్యి పట్టి ఆపింది. సాంబయ్య మాత్రం ఆకలి మీదున్నాడు. పీట ముందు కూర్చుని, వేళ్లతో తన పేరు మొదటినుంచి గీకి నోట్లో పెట్టుకున్నాడు. తన పేరు తాను తింటే తప్పు లేదని ఐలవ్వ తలుపు సందులోంచి తీర్పు చెప్పింది. చివరి అక్షరం తోకను పీట మీదినుంచి కూడా తుడిచి నాకేశాక, పైన గులాబీలు, ముత్యాలు తప్ప ఏ పేరూ లేని కేకు మిగిలింది. పెంటవ్వ రెండు చేతులతో కత్తి పట్టుకుని దాన్ని నిలువునా కోసింది. వాకిట్లో మిగిలిన పిల్లలంతా చప్పట్లు కొట్టారు. బాలవ్వ కూడా కొట్టింది. పొద్దు ఇంకా ఉంది.

"సూసినవా," చంద్రవ్వ కళ్లు తుడుచుకుంటూ అంది. "మనం పదేండ్లు బియ్యమిస్తిమి గని, కాకి ఎట్ల మోసపోతది? పొద్దుగాల్నించి పిలిస్తె ఒక్కటన్న వచ్చెనా? మనిషి బతికుండె గన్కనే ముట్టలే. సచ్చినోడెవ్వడో బతికినోడెవ్వడో కాకికి తెలుసు. కాకి తప్పు జెయ్యది."

అందరూ అవునన్నారు. దశరథం పిల్లలకు, కోడలికి, బామ్మర్దికి, తలుపు తీసి బయటికొచ్చిన ఐలవ్వకు పంచి, తన ముక్కను మోదుగాకులో పెట్టుకుని చంద్రవ్వ పక్కన కూర్చున్నాడు. పదమూడేళ్ల బరువు దిగి ఒళ్లు తేలికగా ఉంది, ఉన్నదో లేదో తెలియనంత తేలికగా. గూటికి పోయే కాకి ఒకటి ఎక్కడినుంచో వచ్చి, వాకిట్లో ఎవరి వైపూ పోకుండా, ఆయన ఆకులోని ముక్కను ముట్టి, తీసుకుని ఎగిరిపోయింది.

చంద్రవ్వ మొగుడి పక్కనుంచి జానెడు దూరం జరిగి కూర్చుంది.